నోరు విప్పి చెప్పాలి, చెవి పెట్టి వినాలి

పుంగనూరు బస్‌స్టాండులో బస్సు వెనక్కి తీసేటప్పుడు మీరు చూసే ఉంటారు. వెనుక ఏముందో డ్రైవరుకు కనపడదు. కండక్టరు దిగి నిలబడతాడు. "రానీ, రానీ... ఆపు!" అంటాడు. డ్రైవరు వెంటనే ఆపుతాడు. "నాకు చెప్పడానికి నువ్వెవరు?" అనడు.

మదనపల్లె టమాటా మార్కెట్టులో లారీకి సరుకు ఎక్కిస్తారు. కింద ఒకరు అందిస్తారు. పైన ఒకరు అందుకుంటారు. ఎవరో ఒకరు "జాగ్రత్త!" అని కేక వేస్తే అందరి చేతులూ ఆగుతాయి. కుప్పం స్టేషనులో చూడండి. ఇంజనులో డ్రైవరు, చివరి పెట్టెలో గార్డు. ఇద్దరి మాటా కలిస్తేనే రైలు కదులుతుంది.

నేల మీదే ఇట్లుంటే, ఆకాశంలో పోయే విమానంలో ఎట్లుండాల? మన పక్క నుంచి ఎంతోమంది పనికోసం కువైట్ పోతా ఉంటారు. వాళ్ళు ఎక్కేది విమానమే. అందుకే ఈ సంగతి మనం తెలుసుకోవాలి.

పొలంలో దిగిన విమానం

1993 నవంబరు 15. ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం మద్రాసు నుంచి హైదరాబాదుకు బయలుదేరింది. మద్రాసు అంటే ఇప్పటి చెన్నై. విమానంలో మొత్తం 262 మంది ఉన్నారు. చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి వంటి సినిమావాళ్ళు కూడా అందులో ఉన్నారు.

హైదరాబాదులో దిగబోతే దారి సరిగా కనపడలేదు. పైలట్లు దిగకుండా విమానాన్ని మళ్ళీ పైకి లేపారు. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. విమానం రెక్కల వెనుక అంచున పలకలు ఉంటాయి. వాటిని ఫ్లాప్స్ అంటారు. దిగేటప్పుడు వాటిని బయటికి చాపుతారు. పైకి లేచాక లోపలికి ముడుస్తారు. ఆ రోజు అవి పూర్తిగా ముడుచుకోలేదు.

గాలికి ఎదురుగా గొడుగు విప్పుకొని సైకిలు తొక్కితే ఎట్లుంటుంది? కాళ్ళు పీకుతాయి, దూరం మాత్రం సాగదు. విమానానికీ అంతే. పలకలు బయట ఉంటే వేగం తగ్గుతుంది. ఇంధనం ఎక్కువ తాగుతుంది.

విమానం మద్రాసు వైపు తిరిగింది. కానీ మద్రాసు చేరేలోపే ఇంధనం అయిపోయింది. పైలట్లు తిరుపతి దగ్గర వరి పొలంలో విమానాన్ని దించారు. 262 మందిలో ఒక్కరు కూడా చనిపోలేదు.

పొలంలో దించడం గొప్ప నేర్పే. అయినా మనం ఒక మాట ఆలోచించాలి. పలకలు బయట ఉంటే ఎంత ఇంధనం ఖర్చవుతుంది? ఉన్నది మద్రాసు దాకా చాలుతుందా? చాలకపోతే దగ్గరలో దిగే చోటు ఎక్కడ? ఇలాంటి లెక్క దారి పట్టకముందే అందరూ కలిసి వేయాలి.

వినపడని మాట ఖరీదు

ఇలాంటి సంగతే అంతకు ముందు అమెరికాలో జరిగింది. 1978 డిసెంబరు 28. ఒక విమానం పోర్ట్‌లాండ్ ఊరిలో దిగబోతోంది. చక్రాలు దించుతుంటే పెద్ద చప్పుడైంది. చక్రాలు గట్టిగా నిలిచాయా లేదా అని పెద్ద పైలటుకు అనుమానం వచ్చింది. దాదాపు గంటసేపు ఊరి పైనే తిప్పాడు. ఆయన ధ్యాసంతా చక్రాల మీదే ఉంది.

పక్కనున్న వాళ్ళకు ఇంధనం తగ్గుతున్నట్టు తెలుసు. చెప్పారు కూడా. కానీ గట్టిగా చెప్పలేదు. పెద్దాయనకు అది తలకెక్కలేదు. ఇంధనం అయిపోయి విమానం ఊరి అంచున కూలింది. 189 మందిలో 10 మంది చనిపోయారు.

అక్కడ తెలివికి కొరత లేదు. అనుభవానికీ కొరత లేదు. చిన్నవాళ్ళు గట్టిగా చెప్పలేదు, పెద్దవాడు వినలేదు. అంతే.

శిక్షణలో ఏం నేర్పుతారు?

ఆ ప్రమాదం తరువాత కళ్ళు తెరిచారు. విమానం నడపడం ఒక్కటే నేర్పితే చాలదనుకున్నారు. కలిసి పనిచేయడం కూడా నేర్పాలనుకున్నారు. ఆ విమాన సంస్థ 1981లో ఈ శిక్షణ మొదలుపెట్టింది. ఇప్పుడు మన దేశంలో కూడా విమాన సిబ్బందికి ఇది తప్పనిసరి.

శిక్షణకు సిమ్యులేటర్ అనే యంత్రం ఉంటుంది. లోపల కూర్చుంటే అచ్చం విమానం నడుపుతున్నట్టే ఉంటుంది. అందులో ఇంజను ఆగినట్టు, మంట లేచినట్టు చేసి చూపిస్తారు. అక్కడ తప్పు చేస్తే ప్రాణం పోదు, పాఠం వస్తుంది.

ఆపద వస్తే ఒకరు విమానం నడపాలి. ఇంకొకరు పుస్తకం తీసి, చేయవలసిన పనులు ఒక్కొక్కటే పైకి చదవాలి. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న పైలటు కూడా జ్ఞాపకాన్ని నమ్ముకోడు. అక్షరాన్ని నమ్ముకుంటాడు. చూశారా, చదువు విలువ!

1989 జూలై 19న ఈ శిక్షణ ఫలం కనపడింది. అమెరికాలో ఒక విమానం తోక దగ్గరి ఇంజను పగిలింది. విమానాన్ని తిప్పే ఏర్పాట్లన్నీ పాడైపోయాయి. పెద్ద పైలటు ఆల్ హేన్స్ "నాకు అన్నీ తెలుసు" అనలేదు. ప్రయాణికుల్లో పైలట్లకు శిక్షణ ఇచ్చే డెనిస్ ఫిచ్ ఉన్నాడు. ఆయన సాయం కూడా తీసుకున్నాడు. నలుగురూ కలిసి, మిగిలిన రెండు ఇంజన్ల వేగం పెంచుతూ తగ్గిస్తూ విమానాన్ని సూ సిటీ విమానాశ్రయం దాకా తెచ్చారు. నేలను తాకేటప్పుడు అది విరిగిపోయింది. 112 మంది చనిపోయారు. 184 మంది బతికారు. ఆ నలుగురూ కలవకపోతే ఆ 184 మంది ఇళ్ళకు చేరేవాళ్ళు కాదు.

విమానం ఎక్కితే మనం ఏం చేయాలి?

విమానం కదిలే ముందు సిబ్బంది చేతులతో కొన్ని జాగ్రత్తలు చూపిస్తారు. అవి తప్పక చూడండి. దగ్గరి తలుపు ఎన్ని వరుసల దూరంలో ఉందో లెక్క పెట్టుకోండి. గాలి గొట్టం కిందికి వస్తే ముందు మీ ముక్కుకు పెట్టుకోండి, తరువాత బిడ్డకు పెట్టండి. మీరు సొమ్మసిల్లితే బిడ్డను చూసేదెవరు? దిగండి అని కేక వేస్తే సంచులు వదిలేసి దిగండి. సంచి కోసం ఒకరు ఆగితే వెనుక ఇరవై మంది ఆగిపోతారు.

ఈ పాఠం విమానానికే కాదు. బావిలో పూడిక తీసేటప్పుడు, కరెంటు మోటారు విప్పేటప్పుడు కూడా ఇంతే. ఆపద కనపడితే చిన్నవాళ్ళైనా గట్టిగా చెప్పాలి. పెద్దవాళ్ళు చేయి ఆపి వినాలి.

కలిసి మాట్లాడుకోండి

1. పలకలు ముడుచుకోకపోతే విమానానికి ఇంధనం ఎందుకు ఎక్కువ కావాలి?
2. పోర్ట్‌లాండ్ విమానంలో పక్కవాళ్ళు ఏ మాట ఎట్లా చెప్పి ఉండాల్సింది?
3. మీ ఇంట్లో గానీ పనిలో గానీ చిన్నవాళ్ళ మాట విని ఆపద తప్పించుకున్న సందర్భం ఉందా? నాలుగు వాక్యాలు రాయండి.