చిన్న కారు చక్రమునకు టైరు అంటించుట

రేడియో తరంగములతో దూరమునుండి నడుపబడు చిన్న పందెపు కార్లు ఇప్పుడు మన పిల్లల చేతులలో కూడ కనబడుచున్నవి. ఈ కార్లకు లోకమున ప్రచారము తెచ్చిన వారిలో జపాను దేశమందలి తమియా సంస్థ యొకటి. ఆ సంస్థ 1976లో పోర్షే 934 నమూనాను, అసలు కారులో పండ్రెండవ వంతు పరిమాణమున, రేడియో కారుగా వెలువరించినది. “ఇవి బొమ్మలే కదా, చదువునకేమి యుపయోగము?” అని తల్లిదండ్రులలో కొందరు మమ్మడుగుచుందురు. బొమ్మలే. కాని వాని చక్రములకు టైర్లు అంటించు పని యొక్కటి చాలును, ఉన్నత తరగతుల భౌతిక రసాయన శాస్త్రములలోని మూడు నాలుగు పాఠములు అందు ఇమిడియున్నవి. కంటికిని చేతికిని అపాయము కలిగించు సంగతి కూడ అందు కలదు. అందుచేత ఈ వ్యాసమును పిల్లలకు గాక పెద్దలకే వ్రాయుచున్నాము.

మనము రోడ్డుమీద చూచు కారు టైరునకు జిగురు అక్కరలేదు. లోపల నింపిన గాలి తన ఒత్తిడిచేత టైరు అంచును రిమ్మునకు అదిమి పట్టియుంచును. ఈ చిన్న కారు టైరులో అట్టి గాలి లేదు. ఆకారము చెడకుండ మెత్తని ఫోము వలయము మాత్రముండును. ఇక టైరును రిమ్మునకు పట్టియుంచునది జిగురే. (సైకిలు పందెములలో కూడ ఒక రకము టైర్లను నేటికిని రిమ్మునకు జిగురుతో అంటింతురు. అది వేరు జిగురు, వేరు కథ.)

ఆ జిగురుమీద పడు భారమెంతయో లెక్క కట్టి చూతము. టైరు వ్యాసము 85 మిల్లీమీటర్లనుకొనుడు. కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నచో ఆ చక్రము సెకనుకు సుమారు 62 మార్లు తిరుగును. అప్పుడు టైరు వెలుపలి అంచుననున్న రబ్బరును వలయాకారమున త్రిప్పుటకు దాని బరువునకు సుమారు 660 రెట్ల బలము కావలెను. అనగా ఒక్క గ్రాము రబ్బరు, ముప్పాతిక కిలోకు కొంచెము తక్కువ బరువు లాగినట్లు లాగును. వేగము రెట్టింపైనచో ఈ లాగు నాలుగు రెట్లగును. టైరు ఉబ్బి, అంచు రిమ్మునుండి పైకి లేవజూచును. ఎక్కడ జిగురు తప్పినదో అక్కడ చీలిక మొదలగును. మలుపులో టైరు ఊడినచో కారు పల్టీ కొట్టును.

ఇందులకు వాడు జిగురు పేరు సయనోయాక్రిలేటు. మన అంగళ్లలో చిన్న గొట్టములలో అమ్ము ఫెవిక్విక్ ఈ జాతిదే. 1942లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో హారీ కూవర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తుపాకి గురికి పనికివచ్చు పారదర్శకమగు పదార్థమును వెదకుచు దీనిని చూచి, అన్నిటికి అంటుకొనుచున్నదని విసిగి విడిచిపెట్టెను. 1951లో అతనితో పనిచేయుచున్న ఫ్రెడ్ జాయినర్ దీనినొక పరికరపు రెండు పట్టకముల నడుమ పూయగా అవి విడివడకుండ అతుకుకొనెను. అప్పుడు గాని దీని విలువ తెలియలేదు. 1958లో విక్రయమునకు వచ్చినది. ఇది ఆరుటవలన గట్టిపడునని పలువురు తలంతురు. అది సరి కాదు. వస్తువు ఉపరితలముమీద నుండు సూక్ష్మమైన తేమ తగిలినంతనే దీని అణువులు గొలుసువలె ఒకదానికొకటి కలసి గట్టిపడును. కనుకనే పలుచగా పూసిన జిగురు క్షణములలో పట్టును. లావుగా పోసిన జిగురు లోపల పచ్చిగా నిలిచిపోవును.

అసలు కష్టము జిగురులో లేదు, అంతకుముందు శుభ్రము చేయుటలో నున్నది. టైరును అచ్చులో పోసినపుడు అది అచ్చుకు అంటుకొనకుండుటకు ఒక జారుడు పదార్థము వాడుదురు. దాని జిడ్డు కంటికి కనబడదు గాని టైరు అంచున మిగిలియుండును. జిగురు ఆ జిడ్డునకు అంటుకొనును, రబ్బరునకు కాదు! ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో టైరు అంచును, రిమ్ము గాడిని తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ఆపైన వేలు తగులనీయరాదు. పిల్లలు తొందరపడి విడిచిపెట్టునది ఈ పనినే. రిమ్మునకు గాని టైరునకు గాని గాలి రంధ్రములున్నవో లేవో కూడ చూడవలెను. కారు ఎగిరి నేలపై పడినపుడు లోపలి గాలి పోవుటకు దారి లేనిచో అది జిగురు అతుకునే చీల్చును.

తరువాత పని సులభము. ఫోము మడత పడకుండ అమర్చి, టైరు అంచు గాడిలో చుట్టును సరిగా కూర్చున్నదని చూచి, టైరు చుట్టు వెడల్పాటి రబ్బరు బ్యాండు బిగింపవలెను. అంచును బొటనవ్రేలితో కొంచెము వంచి, సన్నని మొనగల గొట్టముతో ఒక్క చుక్క విడిచినచో, దీపపు వత్తిలో నూనె ప్రాకినట్లు జిగురు తానే సందులోనికి ప్రాకును. చుట్టును ఇట్లు చేసి, పట్టిన పిమ్మట రెండవ వైపు త్రిప్పవలెను.

ఇక అపాయము. ఈ జిగురు నూలు బట్టమీద ఒలికినచో అతి వేగముగా గట్టిపడుచు మిక్కిలి వేడిని పుట్టించును, చర్మము కాలును. కావున నూలు గుడ్డతో తుడుచుటగాని, నూలు చేతి తొడుగులు వాడుటగాని కూడదు. ఆవిరి కండ్లను మండించును. కిటికీలు తెరచి, కంటి అద్దములు పెట్టుకొని చేయవలెను. వ్రేళ్లు అంటుకొన్నచో లాగక, గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి మెల్లగా విడదీయవలెను. కంటిలో పడినచో రెప్పలను బలవంతముగా తెరువక, గోరువెచ్చని నీటితో కడుగుచు వెంటనే వైద్యుని యొద్దకు కొనిపోవలెను. పెద్దలెవరైన దగ్గర లేనిదే ఈ గొట్టమును పిల్లల చేతికీయవద్దని మా మనవి.

అంటించిన టైరును ఆ రాత్రి కదల్పక, మరునాడు బొటనవ్రేలితో అంచు చుట్టును నొక్కి చూడవలెను. సందు తెరచుకొన్న చోట మరియొక చుక్క వేసిన చాలును. టైరు అరిగిన పిమ్మట రిమ్మును పారవేయ నక్కరలేదు. మరుగు నీటిలో కొంతసేపు ఉంచినచో జిగురు పట్టు సడలును. పెద్దలు పట్టుకారుతో తీసి, మెల్లగా ఊడదీయవచ్చును. అసిటోను కూడ ఈ జిగురును కరగించును గాని అది కొన్ని ప్లాస్టిక్కులను తినివేయును, నిప్పునకు వెంటనే అంటుకొనును. వంటయింటిలో దాని జోలికి పోరాదు.