కొత్త కాపురమునకు ఒక ఉత్తరము

చిరంజీవి మేనల్లుని మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నాయనా, నీవును చి. సౌ. కోడలును విజయవాడలో అద్దెయిల్లు తీసికొని పాలు పొంగించిన సంగతి మీ అమ్మవలన తెలిసి ఎంతయు సంతోషించితిని. సామాను సర్దుకొను సందడిలో పడకమునుపే చేయవలసిన పని యొకటి కలదు. కరెంటు, నీరు, గ్యాసు - వీనిని ఎక్కడ ఆపవలెనో మీ ఇద్దరికిని చీకటిలో సైతము చేయి పోయి తగులునంతగా తెలిసియుండవలెను. మెయిన్ స్విచ్చి మెట్లక్రింద నున్నదా, నీటి గేటు వాల్వు డాబామీద ట్యాంకు చెంత నున్నదా యని ఇంటివారిని వెంటబెట్టుకొని పోయి చూచి, ఒకమారు మూసి తెరచి రమ్ము. ఏండ్లతరబడి త్రిప్పని వాల్వు బిగిసికొనిపోయి, గొట్టము పగిలిననాడు కదలనే కదలదు.

వంటగ్యాసు గాలికంటె బరువైనది గావున, కారినప్పుడు పైకి పోక నేలనంటి, గట్టుక్రిందను గది మూలలను నిలిచియుండును. దానికి సహజముగా వాసన లేదు. మనము పసిగట్టుటకై ఘాటైన ద్రవ్యమొకటి అందు కలిపెదరు. ఆ వాసన సోకినంతనే అలవాటుకొలది దీపమో ఫ్యానో వేయుట ప్రాణాంతకము. వేయునప్పుడే కాదు, ఆర్పునప్పుడును స్విచ్చిలో నిప్పురవ్వ పుట్టును. కనుక ఏ స్విచ్చిని ముట్టక, రెగ్యులేటరు కట్టి, తలుపులును కిటికీలును తెరచి, వెలుపలికి వచ్చిన పిమ్మటనే 1906 నంబరుకు ఫోను చేయవలెను. గొట్టమును అయిదేండ్ల కొకమారు మార్పుము. సిలిండరు పైపట్టీ లోపలివైపున ‘సి 27’ వంటి గుర్తుండును. 2027 జూలై మొదలు సెప్టెంబరులోపల దానిని మరల పరీక్షింపవలెనని యర్థము. గడువు దాటినదానిని తిప్పిపంపుటకు మొగమాటపడకుము. ఎచ్చటనైనను కారుచున్నదని అనుమానము కలిగిన సబ్బునురుగు పూసి బుడగలు వచ్చునేమో చూడవలెనే గాని, అగ్గిపుల్ల గీసి చూడరాదు.

కరెంటు విషయమున నా మనస్సును మిక్కిలి కలచునది ఇనుపతీగ దండెము. ఒరసికొన్న సర్వీసు తీగనుండి దానిలోనికి కరెంటు దిగగా, తడిబట్ట ఆరవేయబోయిన ఇల్లాలును, ఆమెను విడిపింపబోయిన భర్తయు ఒకరివెంట నొకరు మరణించిన వార్తలు మన పత్రికలలో ఎన్నిమార్లు చదువలేదు! నైలాను త్రాడు కట్టిన చాలును, ఆ చావులు తప్పును. నీళ్ళు కాచు రాడ్డును స్విచ్చి ఆపి, ప్లగ్గు పెరికిన తరువాతనే బకెట్టులో వ్రేలు ముంచవలెను. ఇంటిలో ఆర్.సి.సి.బి. యను చిన్న సాధనము లేకున్న ఇంటివారి నడిగి పెట్టించుము. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారితప్పి భూమిలోనికి పోయినంతనే అది సరఫరాను తెంచివేయును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని లావుపాటి తీగ చుట్టువారు, తమకు అందుచున్న హెచ్చరిక నోరు నొక్కుచున్నారు.

ఇక కుళాయి బొట్టుబొట్టుగా కారుటకు ప్లంబరును పిలువ నక్కరలేదు. వాల్వు కట్టి, గొట్టములో మిగిలిన నీరు వదలి, పానాతో కుళాయి తలభాగమును విప్పిన, కాడ యడుగున అరిగి గుంటపడిన రబ్బరు వాషరు కనబడును. దానినే దుకాణమునకు తీసికొనిపోయి అదే కొలతది తెచ్చి వేయుము. కుళాయి గోడలోని గొట్టముతో కలియు చోట నీరూరుచున్నచో, పాత టేపును గీకివేసి, తెల్లని టెఫ్లాను టేపును మర బిగియు దిశలోనే లాగిపట్టి చుట్టవలెను. ఎదురుగా చుట్టిన బిగించునప్పుడే ఊడివచ్చును.

గీజరును, మీటరు పెట్టెను, గ్యాసు రెగ్యులేటరును మాత్రము ఎంతమాత్రమును విప్పకుము. అవి పని తెలిసినవారికి విడువదగినవి. మీరిద్దరును ఉద్యోగస్థులు గావున, ఏ యాపద ఎవరు ఇంట నున్న వేళ వచ్చునో చెప్పజాలము. పానా పట్టుటయు, రెగ్యులేటరు కట్టుటయు కోడలును నీవును కలిసియే అభ్యసింపుడు.

ఆశీస్సులతో,
మీ మామయ్య