గాలీ, పెట్రోలూ, పాళ్లు తప్పిన ఇంజనూ

కాలేజీ సంచికలో సైన్సు వ్యాసం కనబడగానే పేజీ తిప్పేసే మిత్రులే ఎక్కువని నాకు తెలుసు. అందుకే ముందుగానే మనవి చేస్తున్నాను, ఇందులో సమీకరణాలు లేవు. ఇంజను మొరాయిస్తే దోషం ఎక్కడుందో వెదికే పద్ధతి మాత్రమే ఉంది. మా కె.సి. కాలువ గట్టున కిరసనాయిలు పంపుసెట్టు ఆగిపోతే ఊడలు దిగే వేళకు బుడ్డల చేను ఎండుతుంది. అమెరికాలో ఇంటి షెడ్డులో సొంతంగా విమానం కట్టుకుని, దానికి మజ్దా కారు రోటరీ ఇంజను బిగించుకున్నవాడికి అదే జరిగితే ప్రాణం మీదికొస్తుంది. వెదకవలసిన దారి మాత్రం ఇద్దరికీ చాలావరకు ఒక్కటే.

ముందు రోటరీ అనే మాట సంగతి చూద్దాం. ఈ పేరుతో రెండు వేర్వేరు ఇంజన్లున్నాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలపు విమానాల్లో క్రాంకు షాఫ్టు కదలకుండా ఉండేది, సిలిండర్లే ప్రొపెల్లరుతో కలిసి గిర్రున తిరిగేవి. వాటికి కందెన ఆముదం, ఎందుకంటే అది పెట్రోలులో సులువుగా కరగదు. మన ఆదోని వైపు మెట్టచేలల్లో పండే ఆముదమే సుమా! ఇలాంటి ఇంజనున్న సాప్‌విత్ కేమెల్‌లో నేల విడిచిన కాసేపటికే పైలట్ చేత్తో పెట్రోలు పాలు తగ్గించాలి. తగ్గించకపోతే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగేది. కొత్తవాళ్లు చాలామంది అలాగే కూలారు. 1917లో మన హర్దిత్ సింగ్ మాలిక్ యుద్ధంలో నడిపింది ఈ కేమెల్‌నే.

రెండోది ఫెలిక్స్ వాంకెల్ ఇంజను. 1957లో జర్మనీలో తొలిసారి నడిచింది. నడుము నొక్కినట్టుండే గదిలో మూడు మూలల రోటరు తిరుగుతుంది. పిస్టన్లు లేవు, వాల్వులూ లేవు. విమానాలు కట్టుకునేవాళ్లు ఎక్కువగా వాడే మజ్దా 13బి లో రెండు రోటర్లు, ఒక్కో రోటరుకు రెండేసి స్పార్కు ప్లగ్గులు ఉంటాయి. మన వ్యాసం దీని గురించే.

పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక కిలోకి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఎక్కువ శక్తి కావలసినప్పుడు 12.5, 13 దాకా చిక్కన చేస్తారు. మజ్జిగలాగే దీనికీ చిక్కన, పలచన అన్న మాటలే సరిపోతాయి. చిక్కనైతే నల్లపొగ, ప్లగ్గు మీద మసి, బరువెత్తలేని నడక. పలచనైతే కార్బొరేటరులోంచి వెనక్కి పేలడం, థ్రాటిల్ తీయగానే తడబాటు, వేడి, తెల్లబారిన ప్లగ్గు. వాంకెల్ ఇంజనులో కాలిపోవడానికి ఎగ్జాస్టు వాల్వు లేదు గనుక నిదానపు ప్రయాణంలో పలచదనాన్ని ఓర్చుకుంటుంది. కానీ పూర్తి శక్తి తీస్తున్నప్పుడు పలచనై లోపల డిటొనేషన్ పుట్టిందా, రోటరు మూలల్లోని సీళ్లు విరుగుతాయి.

మామూలు కార్బొరేటరుకు గాలి ఎంత తేలికైందో తెలియదు. 3000 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో 74 శాతమే. లెక్క వేస్తే మిశ్రమం అక్కడ సుమారు 16 శాతం చిక్కనవుతుంది. అంత ఎత్తు పోనక్కరలేదు, 15 డిగ్రీల చలిలో సరిచేసిన కార్బొరేటరు కర్నూలు మే నెల 42 డిగ్రీల ఎండలో నాలుగైదు శాతం చిక్కనవుతుంది. అందుకే విమానంలో పైలట్ చేతికి మిశ్రమపు పిడి ఇస్తారు.

ఇక వెదకడం. మా నాయన ఫిజిక్సు చదవలేదు గానీ, "చోకు సగం గుంజి చూడబ్బీ, అదే చెప్తాది" అంటాడు. చోకు గాలిని తగ్గిస్తుంది. దాంతో ఇంజను నిలకడకొస్తే అంతకుముందు పలచన, ఇంకా చెడితే చిక్కన. విమానంలో పిడిని మెల్లగా పలచన వైపు జరిపినా ఇదే పరీక్ష: చుట్లు పెరిగితే మొదట చిక్కగా ఉందన్నమాట. ఈ ఒక్కటీ తేల్చుకోకుండా స్క్రూలు తిప్పకూడదు. తిప్పినా ఒకసారికి ఒక్కటే.

చిక్కదనానికి ముందు ఎయిర్ ఫిల్టరు చూడాలి (బుడ్డలు ఒలిచే కాలంలో మా దగ్గర మూడు రోజులకే దుమ్ము కట్టేస్తుంది), తర్వాత చిల్లిపడ్డ ఫ్లోటు, సరిగా మూయని నీడిలు. పలచదనానికి జెట్టులో నలుసు, అడుగున నీళ్లు, గాస్కెట్టు దగ్గర గాలి కారడం. ట్యాంకు మూత రంధ్రాన్ని అందరూ మరిచిపోతారు. మా పక్క చేనువాళ్ల ఇంజను పావుగంట నడిచి ఆగేది, కాసేపాగితే మళ్లీ నడిచేది. మెకానిక్కు రెండు జెట్లు మార్చాడు. చివరికి చూస్తే మూత రంధ్రంలో మట్టి. లోపలికి గాలి పోక నూనె కిందికి దిగలేదు. విమానం ట్యాంకు గాలిగొట్టంలో పురుగు గూడు కట్టినా జరిగేది ఇదే.

రోటరీకి ప్రత్యేకమైన చిక్కులు రెండు. దీని ఎగ్జాస్టు విపరీతమైన వేడి. పెట్రోలు గొట్టం దాని పక్కగా పోతే లోపలే ఆవిరి బుడగలు పుట్టి పలచన లక్షణాలు కనబడతాయి. రెండోది, ఇంజెక్షను ఉన్నచోట మొదటి జత ఇంజెక్టర్లకు రెండో జత తోడయ్యే క్షణం. అక్కడ లెక్క తప్పితే సరిగ్గా ఒకే చుట్ల దగ్గర తడబాటు.

అన్నిటికన్నా మోసగించేది ఎగ్జాస్టులోని ఆక్సిజన్ సెన్సరు. మసి పట్టి ప్లగ్గు మండకపోతే కాలని ఆక్సిజన్ అలాగే బయటికొస్తుంది. సెన్సరు దాన్ని చూసి "పలచన" అంటుంది. అది నమ్మి పెట్రోలు పెంచితే మసి ఇంకా పెరుగుతుంది. సీసం కలిసిన విమాన పెట్రోలు సెన్సరునే చెడగొడుతుంది. కాబట్టి ముళ్లు చెప్పినదాన్ని ప్లగ్గు విప్పి, రంగు చూసి నిర్ధారించుకోవాలి.

చివరి పరీక్ష నేల మీదే, విమానం ముక్కు పైకెత్తి, ఇంజను ఆపి, గొట్టం విప్పి, బకెట్టూ గడియారమూ పెట్టుకుని. మనం బోరు నీళ్లు కొలిచినట్టే. పంపుతో వచ్చే పెట్రోలు అవసరానికి 125 శాతం, ఎత్తునుంచి దానంతటదే దిగేదైతే 150 శాతం ఉండాలని నియమం. టేకాఫ్‌లో ఇంజను గంటకు 60 లీటర్లు తాగుతుందనుకుంటే పంపు నిమిషానికి లీటరుంపావు పోయాలి. ముప్పావు లీటరే పోస్తోందంటే ఇక కార్బొరేటరు జోలికి పోనక్కరలేదు, గొట్టమూ ఫిల్టరూ విప్పడమే.