ప్రశ్నలు - జవాబులు: షార్ట్ చేసి కొలవడం ఎందుకు?

ప్రశ్న: మాది సురంగల్. మొయినాబాద్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో ఈఈఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. వై-పారామీటర్ల సూత్రాలు నాలుగూ నోటికి వచ్చు. కానీ సర్క్యూట్ కొంచెం మార్చి ఇస్తే చెయ్యి ఆడదు. మొన్న పరీక్షలో జెడ్11 విలువ ఇచ్చారు. దాన్ని తిరగేసి వై11 అని రాస్తే సున్నా వేశారు. అడ్మిటెన్స్ అంటే ఇంపిడెన్స్‌కు తలకిందులే కదా సార్?

జవాబు: ఒక్క రెసిస్టరు విషయంలో అయితే మీ మాట నిజమే. రెండు పోర్టులున్న, అంటే రెండు జతల టెర్మినళ్లున్న నెట్‌వర్క్‌కు వచ్చేసరికి అది చెల్లదు. ఎందుకో తెలియాలంటే సూత్రం పక్కన చిన్న అక్షరాల్లో ఉండే షరతు చదవాలి. చాలామంది సూత్రాన్ని బట్టీ పట్టి షరతును వదిలేస్తారు. అసలు సంగతంతా ఆ షరతులోనే ఉంది.

ఎడమ పక్క రెండు టెర్మినళ్లు, కుడి పక్క రెండు టెర్మినళ్లు ఉన్న మూసిన పెట్టె మన ముందుంది. లోపల ఏముందో విప్పి చూడం. రెండు పక్కలా మనం వోల్టేజీ ఇస్తాం, కరెంటు ఎంత తీసుకుంటుందో పెట్టె చెబుతుంది. ఎడమ పక్కవి వి1, ఐ1; కుడి పక్కవి వి2, ఐ2.

ఐ1 = వై11·వి1 + వై12·వి2
ఐ2 = వై21·వి1 + వై22·వి2

మొదటి సమీకరణంలో వై11 ఒక్కటే మిగలాలంటే వి2 సున్నా కావాలి. ఆ షరతు ఇదే. కుడి పక్క టెర్మినళ్లను వైరుతో కలిపేస్తే, అంటే షార్ట్ చేస్తే, వి2 సున్నా అవుతుంది. అప్పుడు ఐ1ని వి1తో భాగిస్తే వై11 వస్తుంది. జెడ్11 కోసం చేసే పరీక్ష వేరు. అక్కడ కుడి పక్కను తెరిచి ఉంచుతాం, ఐ2 సున్నా అవుతుంది. పెట్టె ఒకటే అయినా పరీక్షలు రెండు. ఒకదాని ఫలితాన్ని తిరగేస్తే రెండోది రాదు.

అంకెలతో చూద్దాం. పై (π) ఆకారపు సర్క్యూట్ తీసుకోండి: ఎడమ పక్క అడ్డంగా 20 ఓమ్‌లు, కుడి పక్క అడ్డంగా 40 ఓమ్‌లు, రెండింటినీ పైన కలుపుతూ 10 ఓమ్‌లు. కుడి పక్క షార్ట్ చేస్తే 40 ఓమ్‌ల రెసిస్టరు పనికి రాకుండా పోతుంది. ఎడమ నుంచి చూస్తే 20, 10 సమాంతరంగా కనిపిస్తాయి. వై11 = 0.05 + 0.1 = 0.15 సీమెన్స్. దీన్ని తిరగేస్తే 6.67 ఓమ్‌లు. ఇప్పుడు షార్ట్ తీసేసి చూడండి. 20 ఓమ్‌లకు సమాంతరంగా 10, 40 కలిసి 50 ఓమ్‌లు ఉంటాయి, జెడ్11 = 14.29 ఓమ్‌లు అవుతుంది. 6.67 ఎక్కడ, 14.29 ఎక్కడ? జెడ్ నుంచి వైకి పోవాలంటే నాలుగు విలువలతో ఉన్న మాత్రిక మొత్తాన్ని విలోమం చేయాలి, ఒక్క గడిని కాదు.

ఇదే సర్క్యూట్‌లో వై22 = 0.025 + 0.1 = 0.125. వై12, వై21 రెండూ −0.1. మధ్యలో ఉన్న 10 ఓమ్‌ల అడ్మిటెన్సే మైనస్ గుర్తుతో వచ్చి కూర్చుంది. ఇక నుంచి పై (π) సర్క్యూట్ కనిపిస్తే సూత్రం వెతక్కండి. పోర్టును తాకుతున్న అడ్మిటెన్సులను కూడితే వై11, వై22 వస్తాయి. రెండు పోర్టులనూ కలిపే అడ్మిటెన్సుకు మైనస్ పెడితే మిగతా రెండూ వస్తాయి. చూస్తూనే రాసేయవచ్చు.

ప్రశ్న: ల్యాబ్‌లో వై21 కొలుస్తుంటే అమ్మీటర్ ముల్లు సున్నా కిందికి కొట్టుకుంది. వైర్లు అటూ ఇటూ మార్చి రీడింగ్ తీసుకున్నాం. రికార్డులో ఎర్ర ఇంకుతో సున్నా చుట్టారు. మీటరు సరిగానే చూపించింది కదా?

జవాబు: మీటరు సరిగానే చూపించింది, మీరు రాసుకోవడంలోనే తేడా. రెండు కరెంట్లూ నెట్‌వర్క్ లోపలికి పోతున్నట్టు ముందే అనుకుని ఆ సమీకరణాలు రాశారు. ఎడమ పక్క వోల్టేజీ పెట్టి కుడి పక్క షార్ట్ చేస్తే, అక్కడ కరెంటు నిజానికి బయటికి వస్తుంది. ముల్లు వెనక్కి కొట్టుకుని చెప్పింది అదే. వైర్లు మార్చినప్పుడు రీడింగ్ ముందు మైనస్ మీరే పెట్టుకోవాలి.

పైన చెప్పిన సర్క్యూట్‌కే ఎడమ పక్క 2 వోల్టుల డీసీ ఇవ్వండి. ఐ1 = 0.3 ఆంపియర్లు, ఐ2 = −0.2 ఆంపియర్లు రావాలి. తర్వాత సోర్సును కుడి పక్కకు మార్చి ఎడమ పక్క షార్ట్ చేయండి. ఐ2 = 0.25, ఐ1 మళ్లీ −0.2 రావాలి. ఈ రెండు −0.2లు సరిపోయాయా లేదా అన్నదే మీ ప్రయోగానికి పరీక్ష. రెసిస్టర్లు, కాయిళ్లు, కెపాసిటర్లు మాత్రమే ఉంటే వై12, వై21 సమానం కావలసిందే. ట్రాన్సిస్టర్ ఉంటే ఆ నియమం ఉండదు. అక్కడ వై21 పెద్దది, వై12 చాలా చిన్నది. ఆ తేడా ఉండబట్టే అది సిగ్నల్‌ను పెంచగలుగుతుంది.

ఇంకో మాట. షార్ట్ చేసే చోట మీరు పెట్టే అమ్మీటరుకూ కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. అది అర ఓమ్ ఉన్నా 0.2 రావలసిన చోట 0.19 దాకా పడిపోతుంది. రికార్డులో లెక్కకూ కొలతకూ తేడా కనిపిస్తే దిద్ది రాయకండి. మీటరు రెసిస్టెన్స్ ఎంతో అడిగి, ఆ కారణం కింద రాయండి. దిద్దిన రీడింగ్ కన్నా ఆ ఒక్క వాక్యానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ప్రశ్న: ప్రతి సర్క్యూట్‌కూ వై-పారామీటర్లు ఉంటాయా? పాత పుస్తకంలో యూనిట్ మో అని ఉంది, కొత్తదాంట్లో సీమెన్స్ అని ఉంది. ఏది రాయాలి?

జవాబు: ఉండవు. రెండు పక్కలకూ అడ్డంగా ఒకే రెసిస్టరు ఉన్న సర్క్యూట్ చూడండి. ఒక పక్క షార్ట్ చేస్తే సోర్సు కూడా షార్ట్ అయిపోతుంది, కరెంటుకు హద్దుండదు. దానికి జెడ్ ఉంటుంది, వై ఉండదు. రెండు పక్కలనూ కలుపుతూ సిరీస్‌లో ఒక్క రెసిస్టరే ఉంటే దానికి తారుమారు. యూనిట్ సీమెన్స్ రాయండి, 1971 నుంచి అంతర్జాతీయ ప్రమాణం అదే.

ప్రశ్న: నాకు చేవెళ్ల రోడ్డు మీద మోటారు వైండింగ్ షాపు ఉంది. మా బిడ్డ ఇంజనీరింగ్ చదువుతున్నది. పొద్దున లేస్తే షార్ట్ చెయ్యి, షార్ట్ చెయ్యి అని చదువుతుంటది. షార్ట్ అయితే మోటారు కాలుతదని చెప్పేటోన్ని నేను. ఈ చదువు దేనికి పనికొస్తది సార్?

జవాబు: అన్నా, మీ భయం న్యాయమైనదే. మీరు చెప్పేదీ, అమ్మాయి చదివేదీ రెండూ నిజమే. తేడా అంతా వోల్టేజీలో ఉంది.

మీ బోరు మోటార్లకు కరెంటు ఇచ్చే 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ నేమ్ ప్లేట్ చూడండి. ఇంపిడెన్స్ 4.5 శాతం అని ఉందనుకుందాం. కింది పక్క షార్ట్ చేసి, పై పక్క 11,000 బదులు 495 వోల్టులు ఇస్తే చాలు, నిండు కరెంటు పోతుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు అది పై పక్క సుమారు 5.25 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ తయారయ్యాక టెస్టింగ్‌లో చేసేది ఇదే. లోపల రాగి ఎంత వేడెక్కుతుందో, ఇంపిడెన్స్ ఎంతో దీనితోనే తెలుస్తుంది. పూర్తి వోల్టేజీ మీద అదే షార్ట్ పడితే కరెంటు దాదాపు 22 రెట్లు పోతుంది. మీ చేతికి వచ్చే కాలిన కాయిళ్ల కథ అక్కడ మొదలవుతుంది.

ఇక ఉపయోగం. సబ్‌స్టేషన్ల మధ్య లైన్లు అన్నిటినీ కలిపి, ఎక్కడ ఎంత లోడు పోతోంది, ఎక్కడ వోల్టేజీ పడిపోతోంది అని కంప్యూటర్లో లెక్క కడతారు. ఆ లెక్కకు పునాది అడ్మిటెన్స్ మాత్రిక. వార్డ్, హేల్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1956లో డిజిటల్ కంప్యూటరు మీద ఈ లెక్క చేసే పద్ధతి ప్రచురించారు. అందులో ప్రతి సబ్‌స్టేషన్ గడిలో దాన్ని తాకే అడ్మిటెన్సుల మొత్తం రాస్తారు, రెండు సబ్‌స్టేషన్ల మధ్య లైనుంటే దాని అడ్మిటెన్సుకు మైనస్ పెట్టి రాస్తారు. ఇందాక పై (π) సర్క్యూట్‌కు చెప్పింది ఇదే నియమం. లైను లేని చోట సున్నా. వేల సబ్‌స్టేషన్లున్నా ఒక్కోటి నాలుగైదింటితోనే కలుస్తుంది కాబట్టి ఎక్కువ గడులు సున్నాలే, లెక్క త్వరగా తేలుతుంది. రేపు మీ అమ్మాయి విద్యుత్ సంస్థలో చేరినా, సోలార్ కంపెనీలో చేరినా ఈ మాత్రిక ముందు కూర్చోక తప్పదు.

ఒక్క సాయం చేయండి. సెలవు రోజున అమ్మాయిని షాపులో కూర్చోబెట్టి, కాలిన వైండింగ్ ఒకటి విప్పి చూపించండి. ఎక్కడ షార్ట్ అయిందో చేత్తో చూపించండి. ఇంట్లో 230 వోల్టుల ప్లగ్గు దగ్గర మాత్రం షార్ట్ చేసి కొలిచే ప్రయోగం ఎవరూ చేయకూడదు. ల్యాబ్‌లో తగ్గించిన వోల్టేజీతో, ఫ్యూజు పెట్టుకుని, సార్ పక్కన ఉండగానే చేయాలి.