ఇంగువ డబ్బా తిప్పి చూశావా, చెల్లీ?

చెల్లీ, పొద్దున నువ్వు ఫోన్ చేసి "అక్కా, పిల్లకి గోధుమలు పూర్తిగా మానేయమన్నారు, రేపట్నుంచి బడికి ఏం పెట్టి పంపను?" అని ఏడుస్తుంటే నా గొంతూ పూడుకుపోయింది. అప్పుడు తీరిగ్గా మాట్లాడలేకపోయాను. ఇప్పుడు పనులన్నీ ముగించుకుని కూర్చున్నాను, విను.

ఐదేళ్ల కిందట మా పిల్ల విషయంలో నేనూ నీలాగే ఏడ్చాను. రక్తం తక్కువంటే రెండేళ్లు టానిక్కులు పోశాం. కడుపు ఉబ్బితే నులిపురుగులనుకున్నాం. ఎదగడం లేదంటే, సరిగ్గా తినవని దాన్నే కసిరాను. ఆ కసురు గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. చివరికి రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేశాక సీలియాక్ అని తేలింది. చపాతీ పిండి సాగడానికి కారణమైన గ్లూటెన్ గోధుమలోనూ, బార్లీలోనూ, రైలోనూ ఉంటుంది. అది పడని పిల్లలకు, ఒంట్లోని రక్షణ శక్తే తిరగబడి చిన్నపేగు లోపలి నూగును దెబ్బతీస్తుంది. ఆ నూగు అరిగిపోతే ఎంత తిన్నా ఒంటబట్టదు. గ్లూటెన్ ఆపేస్తే నెలల మీద అది మళ్లీ కోలుకుంటుంది. మా పిల్ల ఆ ఏడాదే గౌన్లన్నీ పొట్టయ్యేంత పొడుగైంది. నీ పిల్లా అవుతుంది.

మీ చిన్నవాడికీ పరీక్ష చేయించు. తోబుట్టువులకూ ఉండే అవకాశం ఉంది. కానీ పరీక్ష అయ్యేదాకా వాడి చపాతీలు ఆపొద్దు. ముందే మానేస్తే రక్తంలో ఆ జబ్బు జాడ తగ్గిపోయి, ఉన్నది కూడా లేదని చూపించవచ్చు.

ఇక క్యారేజీ సంగతి. నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. మొదటి నెలంతా గోధుమ లేని చపాతీ, గోధుమ లేని బ్రెడ్డు అంటూ బోలెడు డబ్బు పోసి పొడులు కొన్నాను. అవి మధ్యాహ్నానికి అట్టముక్కలయ్యేవి, పిల్ల కన్నీళ్లతో వెనక్కి తెచ్చేది. ఒకరోజు మా అమ్మ వచ్చి ఉప్పుడు పిండి చేసి పెట్టింది. డబ్బా ఖాళీగా వచ్చింది! గోధుమ మన వంటింట్లో పెత్తనం చెయ్యడం నిన్నమొన్నటి మాట, దానికి ముందు మనవాళ్లు తిన్నవన్నీ మనకున్నాయి కదా అని అప్పుడు తట్టింది.

ఉప్పుడు పిండికి గ్లాసు బియ్యపు రవ్వకు రెండు గ్లాసుల నీళ్లు. పోపులో ఆవాలు, జీలకర్ర, మిరియాలు, అల్లం, కరివేపాకు. నానబెట్టిన పెసరపప్పు గుప్పెడు వేసి, నీళ్లు మరిగాక రవ్వ పోసి, సన్న సెగ మీద మూతపెట్టు. పావుగంట. ముద్దవకుండా పొడిపొడిగా ఉంటుంది కాబట్టి చల్లారినా బాగుంటుంది.

మా పక్కింటి కరీంనగర్ వదిన సర్వపిండి నేర్పింది, దానికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, వెల్లుల్లి, కారం, కరివేపాకు వేసి గట్టిగా కలిపి, మందపాటి గిన్నెలో అడుగంతా అద్దు. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి వాటిలో నూనె చుక్కలు వెయ్యి. మూతపెట్టి ఎర్రగా కాలనివ్వు. ముక్కలు చేసి పెడితే పక్కన కూర కూడా అడగరు. మినప రొట్టె కూడా అంతే, రాత్రి రుబ్బి ఉంచుకుంటే పొద్దున కష్టం లేదు. జొన్నరొట్టె మాత్రం డబ్బాకు పెట్టకు, వేడిగా ఇంట్లో తినిపించు. వేణ్నీళ్లతో కలిపితేనే ఆ పిండికి పట్టు వస్తుంది, చల్లారితే గట్టిపడిపోతుంది.

రోజూ అన్నమే పెట్టినా సరిపోదు. వారానికి రెండుసార్లయినా రాగి దోసె వెయ్యి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పేగు కోలుకుంటున్న పిల్ల ఎముకలకు అది కావాలి. మునగాకు పప్పు, గుడ్డు ఎలాగూ ఉన్నాయి.

ఇప్పుడు అసలు మాట. నాకు తెలియక పిల్ల ఆరు నెలలు ఎక్కువ బాధపడింది, అందుకే గట్టిగా చెబుతున్నాను. వంటకంలో గోధుమ లేకపోయినా పోపులో ఉండొచ్చు. మన ఇంగువ డబ్బా తిప్పి చదువు. అసలు ఇంగువ ఘాటు తట్టుకోలేం కాబట్టి దాన్ని పిండిలో కలిపి అమ్ముతారు, చాలావాటిలో అది గోధుమ పిండో మైదానో ఉంటుంది. నేను మనసారా పెట్టిన పులిహోరలో అదే వేశాను. బియ్యప్పిండి కలిపిన ఇంగువ దొరుకుతుంది, అడిగి తెచ్చుకో. కొనే సాంబారు పొడి, అప్పడాలు, ఆవకాయ కూడా అలాగే చదువు. బార్లీ మాల్ట్ కలిపిన పాలపొడులూ అంతే. పొట్లం మీద గ్లూటెన్ లేదని రాయాలంటే మన దేశంలో కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం ఉంది, ఆ మాట ఉన్నవే కొను.

రెండోది పిండిమర. మన ముందు ఎవరో గోధుమలు ఆడించుకుని వెళ్తే, ఆ పిండి మన జొన్నల్లో కలిసే వస్తుంది. నేను చిన్న మిక్సీ జారు ఒకటి పిల్ల పిండికే కేటాయించాను. గోధుమ పిండి కలిపే బేసిన్, చపాతీ కాల్చే పెనం, జల్లెడ, ఇవేవీ పిల్ల వంటకు తగలనివ్వకు. పూరీలు వేయించిన నూనెలో దాని వడలు వెయ్యకు. మొదట్లో ఇదంతా చాదస్తమని ఇంట్లోవాళ్లే అంటారు. అననీ.

అన్నిటికంటే నొప్పించేది "ఒక్కటికేం కాదులే" అనే మాట. అన్నవాళ్లకు ప్రేమే, నాకు తెలుసు. కానీ ఆ ఒక్క బొబ్బట్టు చాలు, పేగు మళ్లీ దెబ్బతినడానికి. మొన్న మా మరిది కూతురి పెళ్లిలో మా పిల్ల పంక్తిలోనే కూర్చుంది, దాని ఆకులో దాని డబ్బాలోని అన్నం, పప్పు. మా అత్తగారి చెల్లెలు బొబ్బట్లు వడ్డిస్తూ వచ్చి ఒకటి వెయ్యబోయింది. నేను లేచేలోపే అది ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు నానమ్మా, నాకు నెయ్యి వెయ్యండి, పప్పులోకి ఇంకొంచెం కావాలి" అంది.