ఏది ముందు? ఏది వెనుక?
(ఆంగ్ల పఠన పరీక్షయందు సంఘటనల వరుసను గుర్తించు విధము)

పదవ తరగతి ఆంగ్ల ప్రశ్నపత్రమునందు ఒక ప్యాసేజి నిచ్చి, దాని దిగువ నాలుగైదు వాక్యములను తారుమారుగా వ్రాసి, వానిని సంఘటనలు జరిగిన వరుసలో అమర్చుమని అడుగుట కలదు. చూచుటకు ఇది మిక్కిలి సులభమైన ప్రశ్న. సొంత వాక్యము వ్రాయ నక్కరలేదు. వ్యాకరణ సూత్రము చెప్ప నక్కరలేదు. ఉన్న వాక్యములనే ముందు వెనుకలుగా సర్దిన చాలును. అయినను ప్యాసేజి చక్కగా అర్థమైన పిల్లలే ఈ ప్రశ్నయందు మార్కులు పోగొట్టుకొనుచున్నారు. ఒక్క వాక్యము తన చోటు తప్పినచో దాని వెనుకనున్నవన్నియు ఒక్కొక్క మెట్టు జరిగిపోవును. అప్పుడు తెలిసిన విద్యార్థికిని తెలియని విద్యార్థికిని భేదము మిగులదు.

నరసన్నపేట వంటి పట్టణమున ఇంట తెలుగు, అంగడిలో తెలుగు, మఠమున తెలుగు వినుచు పెరిగిన బాలునికి ఆంగ్లము బడిలో మాత్రమే ఎదురగు భాష. వాడు ఈ ప్రశ్నయందు తప్పినప్పుడు "వీనికి ఇంగ్లీషు రాదు" అని ఇంటివారు నిశ్చయించుకొందురు. వాడును అట్లే నమ్మును. పెక్కు సందర్భములలో ఆ నిశ్చయము సరికాదు. వానికి రానిది ఇంగ్లీషు కాదు, ఇంగ్లీషు కథ చెప్పు తీరు. ఆ తీరు తెలుగు తీరునకు భిన్నమని వానికి ఎవ్వరును చెప్పియుండలేదు.

తెలుగులో ఒక యాత్రను ఇట్లు చెప్పుదురు: "నరసన్నపేటలో బస్సెక్కి, శ్రీముఖలింగము చేరి, వంశధారలో స్నానము చేసి, మధుకేశ్వరుని దర్శించి, ప్రొద్దు క్రుంకువేళకు ఇల్లు చేరెను." ఎక్కి, చేరి, చేసి, దర్శించి అను ఈ రూపములను చిన్నయసూరి తన బాలవ్యాకరణమున క్త్వార్థకము లనెను. క్త్వార్థకము పూర్వకాలమున జరిగిన పనిని చెప్పును. కనుక తెలుగు వాక్యమున ముందు జరిగినది ముందును, తరువాత జరిగినది తరువాతను వచ్చుచుండును. చెవికి వినబడిన వరుసయే కాలము నడచిన వరుస. పాలు త్రాగునాటినుండి ఈ నడకకు అలవాటుపడిన బాలుడు, ఏ భాషలోనైనను మొదట చదివినదే మొదట జరిగినదని తలచుట సహజము.

ఆంగ్లమున ఆ నియమము లేదు. "అతడు ప్రొద్దు క్రుంకువేళకు ఇల్లు చేరెను, మధుకేశ్వరుని దర్శించిన పిమ్మట, అంతకు ముందే నదిలో స్నానము చేసి యుండెను" అను వరుసలో ఆంగ్ల రచయిత నిస్సంకోచముగా వ్రాయగలడు. ఇల్లు చేరుట వాక్యమున మొదటిది, జరుగుటలో కడపటిది. ఈ తలక్రిందులను నడపునది ‘ఆఫ్టర్’ అను చిన్న మాటయు, ‘హ్యాడ్’ అను మరియొక చిన్న మాటయు. పరీక్షలో విద్యార్థి కన్ను పెద్ద మాటలమీద నిలుచును. అర్థము తెలియని పదము కనబడినచో భయపడును. తెలిసిన చిన్న మాటను దాటిపోవును. వరుస ప్రశ్న యంతయు ఆ చిన్న మాటలమీదనే నిలిచియున్నది.

వానిలో ‘హ్యాడ్’ ముఖ్యము. జరిగిపోయిన కథలో, దానికన్నను ముందు జరిగిపోయిన దానిని చెప్పుటకు ఆంగ్లము ‘హ్యాడ్’ను వాడి, దాని ప్రక్క క్రియయొక్క మూడవ రూపము నుంచును. తెలుగున "వెళ్ళి యుండెను, చెప్పి యుండెను" అనునవి దానికి సరిపడును. ‘హ్యాడ్’ తో కూడిన క్రియ కనబడినంతనే, ఆ పని కథ నడచుచున్న చోటునుండి ఒక మెట్టు వెనుకకు పోయినదని గుర్తింపవలెను. అయితే "ఆమెకు ఒక తమ్ముడుండెను" అని చెప్పుటకును ఇదే ‘హ్యాడ్’ వచ్చును. ప్రక్కన మూడవ రూపము లేనిచో అది కాలసూచన కాదు.

‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ అనునవి వాక్యము నడుమ వచ్చినప్పుడు వానికి ముందున్నదేది, వెనుకనున్నదేది అని నిలిచి చూడవలెను. ‘వైల్’ అనగా తెలుగు శత్రర్థకము. "చేయుచు, ఉండగా" అని అర్థము. రెండు పనులు కలిసి సాగుచున్నవని భావము. ‘మీన్‌వైల్’ అన్నను ఇంచుమించు అంతియే. బసవన్న కల్యాణమున ఉండిన 12వ శతాబ్దమునందే శ్రీముఖలింగ దేవాలయములలో గాంగరాజుల కాలపు శాసనములు చెక్కబడుచుండెను. ఈ రెండింటిలో ఏది ముందని అడుగుట పొసగదు. ఇట్టి జంటను ప్రశ్నకర్త సాధారణముగా విడదీసి అడుగడు. అడిగినచో ఎచ్చటనో మరియొక గుర్తు విడిచియుండును. ‘నాట్... అంటిల్’ అను కూర్పు పిల్లలను మిక్కిలి తికమక పెట్టును. కాని దానిని తెలుగు చేసికొన్నచో చిక్కు విడిపోవును. "జంగములు వచ్చువరకు ఆమె భుజింపలేదు" అనగా జంగములు వచ్చిరి, పిమ్మట ఆమె భుజించెను. లేదు అను మాట ఉన్నంత మాత్రమున భోజనమే జరుగలేదని అనుకొనరాదు. ఇక ‘డిసైడెడ్’, ‘ప్లాన్డ్’ వంటి క్రియలు సంకల్పమును మాత్రమే చెప్పును. పోవ నిశ్చయించుట వేరు, పోవుట వేరు. ఆ రెండును వేర్వేరు సంఘటనలుగా అడుగబడవచ్చును.

చెప్పిన వరుసకును జరిగిన వరుసకును గల ఈ భేదము వీరశైవ కుటుంబములకు క్రొత్తది కాదు. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణము ఏడాశ్వాసముల గ్రంథము. అది బసవన్న చరిత్రయే అయినను, ఆ చరిత్ర నడుమ కన్నప్ప, సిరియాళుడు మొదలగు పూర్వభక్తుల కథలు వచ్చును. బసవన్న కల్యాణము చేరిన పిమ్మట వినబడు కథ బసవన్న పుట్టుటకు ఎన్నియో తరములకు ముందు జరిగినదై యుండును. పురాణము వినుచున్న ముదుసలి అవ్వ కన్నప్పను బసవన్నకు తరువాతివానిగా ఎన్నడును పొరబడదు. కథలో కథ వచ్చినదని ఆమెకు తెలియును. అదే యింటి బాలుడు ఆంగ్ల ప్యాసేజిలో కథలో కథ వచ్చినప్పుడు తడబడును. అవ్వకు ఉన్న నేర్పును వానికి ఇంగ్లీషులో అందించుటయే చేయవలసిన పని. ఆ పురాణమునకు వెల్చేరు నారాయణరావు, జీన్ రోగేర్ కలిసి చేసిన ఆంగ్లానువాదము 1990లో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయమున వెలువడినది. పై తరగతుల విద్యార్థులకు తెలిసిన కథను ఆంగ్లమున చదువుటకు అంతకంటె మంచి సాధనము అరుదు.

పురాణకథ ననుసరించి కూర్చిన ఒక చిన్న ప్యాసేజిని పరిశీలింపవచ్చును. ఆంగ్లమున అది ఈ వరుసలో నడచునని అనుకొనవలెను: "బసవన్న బిజ్జలునికి దండనాయకుడయ్యెను. అంతకు ముందు ఆ పదవిలో నుండిన బలదేవుడు, బసవన్న సంగమేశ్వరుని సన్నిధిని ఉండగా మరణించి యుండెను. ఆ బలదేవుడే తన కుమార్తె గంగాంబను బసవన్నకిచ్చి వివాహము చేసి యుండెను. ఉపనయనమును నిరాకరించిన బాలుని ధైర్యము ఆయనను ఆకర్షించి యుండెను. వివాహము జరిగిన పిమ్మటనే బసవన్న సంగమేశ్వరమునకు వెళ్ళెను."

అమర్చవలసినవి ఐదు: (క) దండనాయకుడగుట, (చ) బలదేవుని మరణము, (ట) గంగాంబతో వివాహము, (త) ఉపనయన నిరాకరణము, (ప) సంగమేశ్వరమునకు వెళ్ళుట.

చదివిన వరుసనే వ్రాయు బాలుడు క, చ, ట, త, ప అని వ్రాసి వచ్చును. ఇప్పుడు చిన్న మాటలను పట్టుకొని చూడవలెను. ‘క’ తప్ప మొదటి మూడు వాక్యములలోని తక్కినవన్నియు "యుండెను" అను రూపముతో వెనుకకు పోయినవి. కనుక ‘క’ కడపటిది. ఇది తిరుగులేని గుర్తు. నిరాకరించిన ధైర్యమును చూచి పిల్లనిచ్చెను గనుక ‘త’ తరువాత ‘ట’. వివాహము పిమ్మట వెళ్ళెను గనుక ‘ట’ తరువాత ‘ప’. అచ్చట ఉండగా బలదేవుడు మరణించెను గనుక ‘ప’ తరువాత ‘చ’. వరుస త, ట, ప, చ, క అని తేలినది. ఐదింటిని ఒక్కసారిగా అమర్చుటకు ఎవ్వరును ప్రయత్నింపరాదు. రెండేసి చొప్పున ఏది ముందని తేల్చుకొనుచు ముడి వేసికొనిపోయినచో మాల దానంతట అదియే సిద్ధమగును. నాలుగు సమాధానములిచ్చి ఒకదానిని గుర్తింపుమన్న పరీక్షలో పని ఇంకను తేలిక. ‘క’ కడపట లేని సమాధానములను ముందుగానే కొట్టివేయవచ్చును.

ఇచ్చట మన యిండ్ల పిల్లలకు ప్రత్యేకమైన ఒక ప్రమాదము కలదు. నేటి బసవ జీవితచరిత్రలు పెక్కింటిలో ఆయన కూడలసంగమమున విద్యాభ్యాసము చేసినది ముందు, గంగాంబికతో వివాహము తరువాత. పై ప్యాసేజిలో వివాహమే ముందు. ఇంట విన్నది వేరు, కాగితముమీద ఉన్నది వేరు అయినప్పుడు శ్రద్ధగల బాలుడు ఇంట విన్నదే వ్రాయును. అది భక్తియే కావచ్చును. మార్కు మాత్రము పోవును. పరీక్షలో అడిగినది ప్యాసేజి చెప్పిన వరుస. చరిత్రలో నిజమేది అను విచారణ పరీక్ష ముగిసిన పిమ్మట మఠమున పెద్దల యెదుట చేయదగినది. తెలియని కథకంటె తెలిసిన కథయే పరీక్షలో ఎక్కువ జాగ్రత్తగా చదువవలసినది.

వరుస తప్పినంత మాత్రమున మునిగిపోయినదేమి అని కొందరు అనవచ్చును. కన్నడదేశమున ప్రసిద్ధమైన కల్యాణ కథను చూడుడు. హరళయ్య కుమారునికిని మధువరసు కుమార్తెకును వివాహము జరిగెను, బిజ్జలుడు ఆ తండ్రులకు ఘోరశిక్ష విధించెను, కల్యాణము అల్లకల్లోలమాయెను, శరణులు చెల్లాచెదరైరి. ఈ నాలుగింటిలో నడిమి రెండింటిని మార్చి, కల్లోలము ముందు, శిక్ష తరువాత అని వ్రాసినచో ఏమగును? ఆ తండ్రులు అల్లరి రేపి దండింపబడినవారగుదురు, రాజు నగరమును కాపాడినవాడగును. ఒక్క వాక్యమైనను మారలేదు, ఒక్క మాటయైనను అబద్ధము కాదు. స్థానము మాత్రమే మారినది. హేతువు కార్యమాయెను, నిరపరాధి అపరాధియాయెను. పరీక్షకర్త అడుగునది తేదీల జ్ఞానము కాదు, దేనివలన ఏది కలిగెను అను జ్ఞానము. ఈ మాట పిల్లలకు ఒక్కసారి తెలిసినచో వరుస ప్రశ్నను చులకనగా చూడరు.

వరుస పేరుతోనే వచ్చు మరియొక ప్రశ్న కలదు. బ్యాంకు ఉద్యోగములవంటి పోటీ పరీక్షలలో ప్యాసేజి యుండదు. చెదిరిన వాక్యములనే యిచ్చి ఒక పేరాగా కూర్చుమందురు. అచ్చట కావలసినది చదువుటకు పొందికయైన వరుస. ‘హ్యాడ్’ గల వాక్యము అచ్చట వెనుక నుండుటయే సరి కావచ్చును. "అతడు, ఆమె, ఆ పదవి" వంటి సర్వనామములు దేనిని అంటిపెట్టుకొనియున్నవో చూచుట అచ్చటి పద్ధతి. రెండింటిని ఒకటిగా భావించి ఒకే కిటుకు నేర్పు కోచింగు పుస్తకములు లేకపోలేదు.

ఇంటివద్ద అభ్యాసమునకు ఖర్చు లేదు. పురాణ శ్రవణమైన పిమ్మట పిల్లలు ఆనాటి కథలోని ఐదు సంఘటనలను ఐదు చీటీలమీద చిన్న ఆంగ్ల వాక్యములుగా వ్రాసి, కలిపి, ఒకరివి మరియొకరు అమర్చవచ్చును. తల్లికి ఆంగ్లము రాకున్నను బాధ లేదు. "దీనికి ముందేమి జరిగెను?" అని తెలుగున అడిగిన చాలును, సమాధానము చెప్పుటకు బాలుడే ఆంగ్ల వాక్యమును మరల చదువుకొనవలసివచ్చును. పరీక్షలో అయితే ప్యాసేజి అంచున పెన్సిలుతో అంకెలు వేసికొని, అమర్చిన వరుసను క్త్వార్థకములతో ఒక తెలుగు వాక్యముగా మనసున చెప్పుకొనవలెను. "నిరాకరించి, వివాహమాడి, సంగమేశ్వరమునకు వెళ్ళి..." అని సాఫీగా సాగినచో వరుస సరియైనది. ఇబ్బంది పెట్టిన తెలుగు నడకయే ఇచ్చట తీర్పరి యగును.

ఈ ప్రాంతపు మహనీయునిపై ఒక అభ్యాసము. ఇందు సంవత్సరములున్నవి గనుక సులభమని తోచును. కాని అంకెలు అన్నిచోట్ల లేవు. "ఓఢ్ర రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అందు చేరిన 1936లో గిడుగు రామమూర్తి ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరెను. 1880లో ఆయన అచ్చట ఉపాధ్యాయుడుగా ప్రవేశించి యుండెను. ఊరు విడుచుటకు ఐదేండ్ల ముందు ఆయన సవరభాషా వ్యాకరణము ప్రకటింపబడి యుండెను. విడిచిన రెండేండ్లకు సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. ఉపాధ్యాయుడగుటకు పదునేడేండ్ల పూర్వము శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో ఆయన జన్మించెను."

"ఐదేండ్ల ముందు" అన్న మాటకు దగ్గరలో కనబడు అంకె 1880. దానినుండి లెక్కించు బాలుడు వ్యాకరణమును 1875లో పెట్టి, పండ్రెండేండ్ల పిల్లవానిచేత గ్రంథము వ్రాయించును. లెక్క ఊరు విడిచిన 1936నుండి ఆరంభింపవలెను. అప్పుడు 1931 వచ్చును. నిఘంటువు 1938. కావున వరుస: జననము, ఉద్యోగము, వ్యాకరణము, ఊరు విడుచుట, నిఘంటువు. ప్యాసేజిలో కడపట కనబడిన 1863 నాటి జననమే మొదటి స్థానమున నిలిచినది.