కార్తిక దీపములు – వనభోజనములు

వానలు వెనుకపట్టిన పిమ్మట తెలుగునాట ప్రకృతి ఒక క్రొత్త శోభను దాల్చును. చెరువులు నిండియుండును. ఏటినీరు తేరి అడుగున ఇసుక కనబడును. వరిచేలు వెన్నులు వంచి కోతకు ఎదురుచూచుచుండును. మిక్కిలి ఎండయు మిక్కిలి చలియు లేని ఆ దినములలో, దీపావళి అమావాస్య గడచిన మరునాడు, కార్తిక మాసము ప్రారంభమగును. ఇంగ్లీషు లెక్క ప్రకారము ఇది సాధారణముగా అక్టోబరు, నవంబరు నెలలలో వచ్చును. ఒక్కొక్క యేడు డిసెంబరు మొదటి దినముల వరకును సాగును.

పండుగలు పెక్కు ఒక దినమో మూడు దినములో జరిగి ముగియును. కార్తికము అట్టిది కాదు. ఇది నెలనాళ్ల పండుగ. ఈ నెలలో తెలుగువారు చేయు పనులలో రెండు ముఖ్యమైనవి. ఒకటి దీపము వెలిగించుట. రెండవది వనభోజనమునకు పోవుట. మొదటిది రాత్రి వేడుక, రెండవది పగటి వేడుక. పైకి వేరువేరుగా కనబడు ఈ రెండింటియందును ఒకే భావము ఇమిడియున్నది.

ఈ మాసమున పూర్ణిమనాడు చంద్రుడు కృత్తికా నక్షత్రమునందో దాని సమీపమునందో ఉండును. అందువలననే దీనికి కార్తికమను పేరు వచ్చినది. కృత్తిక ఒక్క చుక్క కాదు, చుక్కల గుంపు. అందు సాధారణముగా కంటికి ఆరు చుక్కలు కనబడును. కుమారస్వామికి పాలిచ్చి పెంచిన ఆరుగురు తల్లులు వీరేయని పురాణములు చెప్పుచున్నవి. కార్తిక పూర్ణిమ ప్రాంతమున ఈ గుంపు ప్రొద్దు క్రుంకు వేళకు తూర్పున ఉదయించి, ఇంచుమించు తెల్లవారువరకును ఆకాశమున నుండును. మింట చుక్కలు లేచు వేళకే నేలపై దీపముల వరుసలును లేచును.

ఈ కాలమున పగలు తగ్గి రాత్రి పెరుగును. ఆరు గంటలు కాకమునుపే ప్రొద్దు క్రుంకును. అప్పుడు ప్రతి యింటను గడపకు ఇరువైపులను, తులసికోట యొద్దను దీపములు వెలుగును. కుమ్మరి సారెపై చేసి కాల్చిన మట్టి ప్రమిదను వాడుటకు ముందు గృహిణులు నీటిలో నానవేయుదురు. పొడిగా నున్న మట్టి నూనెను పీల్చుకొనును. నానిన ప్రమిద అంతగా పీల్చదు. ప్రత్తివత్తి తన సన్నని పోగుల సందులగుండ నూనెను పైకి తీసికొని కొనయందలి మంటకు అందించును. వత్తి మిక్కిలి లావైనచో పొగ చూరును. మిక్కిలి సన్ననిదైనచో త్వరగా కొండెక్కును. కన్నతల్లి ప్రక్కన కూర్చుండి వత్తి చేయుట నేర్చుకొనిన బాలబాలికలకు ఈ సంగతులన్నియు పుస్తకము చూడకయే తెలియును.

ఇంటి దీపము ఇంటివారికి వెలుగు నిచ్చును. ఊరివారందరికిని వెలుగు నిచ్చు దీపము మరియొకటి కలదు. అదియే ఆకాశదీపము. శివాలయములందు ఈ నెలనాళ్లు దీనిని ధ్వజస్తంభమున కెత్తుదురు. ప్రక్కలకు చిల్లులుగల లోహపాత్రలో నూనె పోసి వత్తి వెలిగించి, ఆ పాత్రను త్రాటితో పైకి లాగి కట్టుదురు. చిల్లుల వలన మంటకు గాలి అందును. పాత్ర గోడ వలన పెనుగాలి తగులకుండును. ఈ దీపము పితృదేవతలకు దారి చూపునని పెద్దలు విశ్వసించిరి. వీధిదీపములు లేని ఆ దినములలో, పొలమునుండి ఆలస్యముగా వచ్చు రైతునకును, దారి తప్పిన బాటసారికిని ఊరు ఇటనున్నదని అది తెలిపెడిది. నూనె పోసినవారికి దానివలన ప్రత్యేకముగా దక్కు వెలుగు లేదు. చూచిన ప్రతివానికిని అది తనదియే.

కార్తిక పూర్ణిమనాడు దీపములకు మేర యుండదు. ఏడాది పొడవున దీపము పెట్టలేకపోయినవారు ఆ లోటు తీరుటకై ఆనాడు 365 వత్తులను ఒక్కటిగా కట్టి వెలిగింతురు. సాయంకాలము శివాలయముల ఎదుట జ్వాలాతోరణము జరుగును. రెండు కొయ్యలు నిలువుగా పాతి, వానిపై అడ్డముగా మరియొక కొయ్యను కట్టి, ఎండుగడ్డి చుట్టి నిప్పంటింతురు. ఆ మంటల తోరణము క్రిందుగా పార్వతీపరమేశ్వరుల పల్లకి సాగును. వెనుక ప్రజలు నడతురు. మిగిలిన గడ్డిపోచలను రైతులు తీసికొనిపోయి తమ గడ్డివాములలో ఉంచుకొనుటయు కలదు.

ఆనాడు రాజమహేంద్రవరమున గోదావరి రేవులును, విజయవాడలో కృష్ణా రేవులును కుటుంబములతో నిండిపోవును. శ్రీశైలమునందును, వేములవాడయందును, హనుమకొండ వేయిస్తంభముల గుడియందును వేలాది ప్రమిదలు వెలుగును. అమరావతి, భీమవరము, పాలకొల్లు, ద్రాక్షారామము, సామర్లకోట అను పంచారామ క్షేత్రములను ఒకే దినమున దర్శించుటకు ఈ మాసమున ఆర్టీసీ ప్రత్యేకముగా బస్సులు నడపును. ఈ దీపోత్సవము తెలుగునాటికే పరిమితము కాదు. కాశీలో కార్తిక పూర్ణిమను దేవదీపావళి యందురు. ఆ రాత్రి గంగానది మెట్లన్నియు దీపములతో నిండును. తమిళనాట తిరువణ్ణామలైలో, తమిళుల లెక్క ప్రకారము వచ్చు కార్తిక దీపమునాడు, కొండ శిఖరమున పెద్ద లోహపాత్రలో నేతిదీపము వెలిగింతురు. తెలుగువారు అరుణాచలమని పిలుచు ఆ క్షేత్రమునకు తెలుగు యాత్రికులు పెక్కుమంది పోవుచుందురు.

ఇన్ని దీపములలో ఏది గొప్పది? నేతిదీపమా, వేయి వత్తుల దీపమా? ఈ ప్రశ్నకు తెలుగు స్త్రీలు తరతరములుగా చెప్పుకొను పోలి కథ చక్కని సమాధానము నిచ్చును.

ఒక యూర ఒక అత్తకు పలువురు కోడండ్రు కలరు. అందరిలో చిన్నది పోలి. ఆమెకు దైవభక్తి మెండు. అత్త మాత్రము భక్తురాలనని పేరు పొందుట తనకే చెల్లునని తలచెడిది. కార్తిక మాసము వచ్చినంతనే ఆమె పెద్దకోడండ్రను వెంటబెట్టుకొని ప్రతి దినమును తెల్లవారుజామున నదీస్నానమునకు పోయెడిది. ఇంటి పనులన్నియు పోలికి అప్పగించి, ఆమె దీపము పెట్టుటకు వీలు లేకుండ నూనెయు వత్తులును దాచిపెట్టెడిది. పోలి ఎవరిని పల్లెత్తు మాట అనలేదు. నూతియొద్ద స్నానము చేసి, పెరటిలోని ప్రత్తిచెట్టు క్రింద రాలిన ప్రత్తిని ఏరి వత్తి చేసెను. మజ్జిగ చిలికిన కవ్వమునకు అంటియున్న కొంచెపు వెన్నను తీసి ఆ వత్తికి రాచెను. దీపము వెలిగించి, ఎవరికంటను బడకుండ దానిపై ఒక బుట్ట బోర్లించెను. నెలనాళ్లును ఇట్లే గడచెను. తుదకు దేవవిమానము దిగివచ్చి పోలిని ఎక్కించుకొని పోవుచుండెను. నదినుండి తిరిగివచ్చిన అత్త ఆ విమానము తనకై వచ్చినదని భ్రమపడి, నిజము తెలిసికొని, పోలి కాళ్లు పట్టుకొని వ్రేలాడెను. కోడండ్రును ఒకరి కాళ్లు ఒకరు పట్టుకొనిరి. దేవదూతలు వారిని క్రిందికి జారవిడిచి పోలిని మాత్రమే స్వర్గమునకు కొనిపోయిరి.

కథయందలి విమానమును నమ్మినను నమ్మకున్నను, అందలి నీతి తేటతెల్లము. దీపమునకు విలువ నూనె వలన రాదు. చూచువారి మెప్పు వలనను రాదు.

పోలిని తలచుకొని కార్తికము ముగిసిన మరునాడు, మార్గశిర శుద్ధ పాడ్యమినాడు, వేకువజామున స్త్రీలు ఏటిలో దీపములు విడుతురు. ఆ దినమునకు పోలిపాడ్యమి యని పేరు. అరటిబోదె పొరను జానెడు ముక్కలుగా కోసి, ఆ దొప్పలో నేతివత్తి నుంచి, నీటిపై వదలుదురు. అరటిపొరయందు గాలి నిండిన గదులు వరుసగా నుండును; అందువలన అది మునుగక తేలును. వత్తి కాలిపోవును. దొప్ప కొన్నాళ్లకు కుళ్లి నీటిలో కలిసిపోవును. ఏటికి కీడు చేయని విధమున పెద్దలు ఈ వేడుకను ఏర్పరచిరి.

ఇక వనభోజనము. పెరటిలో, తోటలో, ఏటి యొడ్డున, ఎచట ఉసిరిచెట్టు కలదో అచటికి బంధుమిత్రులు కూడి పోవుదురు. ఉసిరికాయలు పక్వమునకు వచ్చు కాలమిది. ఉసిరియందు ‘సి’ విటమిను సమృద్ధిగా నుండును. చెట్టు మొదట దీపము పెట్టి పూజచేసి, పిదప వంటకు పూనుకొందురు. ముప్పది అధ్యాయముల కార్తిక పురాణమున ఆనాటి అధ్యాయమును ఒకరు చదువగా తక్కినవారు విందురు.

వనభోజనమునందు చూచుచు కూర్చుండువారు ఉండరాదు. పురుషులు గాడిపొయ్యి త్రవ్వుదురు, నీరు మోయుదురు. స్త్రీలు కూరలు తరుగుదురు. పిల్లలు ఎండుపుల్లలు ఏరి తెత్తురు. ఆకులు కడిగి పరతురు. ఒక యింటినుండి బియ్యము, ఒక యింటినుండి గుండిగలు, ఒక యింటినుండి పెరుగు వచ్చును. కలిగినవారు ఎక్కువ తెత్తురు, లేనివారు తక్కువ తెత్తురు. ఒకసారి పొయ్యి మీది కెక్కిన పిదప ఏ గింజ ఎవరిదో ఎవరికిని తెలియదు. వంట యగువరకు పిల్లలు చెడుగుడు, దాగుడుమూతలు, కోతికొమ్మచ్చి ఆడుదురు. పెద్దలు పద్యములు చదువుదురు. పులిహోర, గారెలు, కంద బచ్చలి కూర, ఉసిరికాయ పచ్చడి, పరమాన్నము మొదలగువానితో పంక్తి సాగును. ఏడాది పొడవున ఇంటిలో అందరికిని వడ్డించి తుదకు భుజించు తల్లికి ఆనాడు పురుషులు వడ్డించు కుటుంబములును కలవు. ఆ ఆచారము అన్ని కుటుంబములకును వ్యాపింపదగినది.

దీపమును గడప వెలుపల పెట్టుట, భోజనమును గడప వెలుపల చేయుట, ఈ రెండును మనుష్యుని తన యింటి నాలుగు గోడలనుండి బయటికి తెచ్చుచున్నవి. వెలుగును, అన్నమును నలుగురితో పంచుకొనుమని చెప్పుచున్నవి. ఇదియే ఆ రెండింటియందును ఇమిడియున్న భావము.

నేడు ఈ ఆచారములు నశింపలేదు. కొన్నిచోట్ల వెనుకటి కంటె ఘనముగా జరుగుచున్నవి. గోపురములపై రంగురంగుల విద్యుద్దీపముల తోరణములు మెరయుచున్నవి. అవి కన్నులకు పండువే. అయినను విద్యుద్దీపమును మనము చూతుము. మట్టిదీపమును మనము వెలిగింతుము. చూచుటకును చేయుటకును భేదము కలదు.

అంతకంటె ఆలోచింపవలసిన సంగతులు మూడు కలవు. మొదటిది నీరు. అరటిదొప్పకు బదులు థర్మోకోలు పళ్లెములలో దీపములు విడుచువారు ఉన్నారు. థర్మోకోలు కుళ్లదు. అది ముక్కలు ముక్కలై ఏటిలోనే నిలిచి నీటి జంతువులకు హాని చేయును. వెలుగు ఒక్క గడియ, చెత్త ఎన్నో యేండ్లు! రెండవది చెట్టు. పట్టణములలో తోటలు తగ్గినవి. కొందరు ఉసిరికొమ్మను విరిచి తెచ్చి, కుండలో నిలిపి, దాని ప్రక్కన భుజించి వనభోజనమని పిలుచుచున్నారు. కొమ్మ విరిగిన చెట్టునకు దానివలన మేలు లేదు. భుజించినవారికి వనము లేదు.

మూడవది మనుష్యులు. ఈ మధ్య కాలమున కులమునకొక వనభోజనము జరుగుట పెక్కుచోట్ల కనబడుచున్నది. పూర్వకాలమున భేదములు లేకుండెనని చెప్పుట సత్యము కాదు. నాడును పంక్తి భేదములు ఉండెడివి. వానిని తొలగించుటకే జాతీయోద్యమ కాలమున సంస్కర్తలు సహపంక్తి భోజనములు జరిపిరి. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. చెట్టు నీడ కులము నడుగదు. అట్టి నీడలో కూర్చుండి మన వారు, పెరవారు అని గీత గీయుట కార్తిక ధర్మమునకే విరుద్ధము.

వీనిని చక్కదిద్దుట కష్టము కాదు. దీపము విడువదలచినవారు అరటిదొప్పనే వాడవచ్చును. పిల్లలు పెద్దల తోడు లేక నీటిలో దిగరాదు. దీపముల వరుస నడుమ నడచునపుడు వస్త్రములను ఒడిసిపట్టుకొనవలెను. వనభోజనము ముగిసిన పిదప వాడిన విస్తళ్లను ఒకచోట గోతిలో పూడ్చి, పొయ్యి నిప్పును నీటితో ఆర్పి రావలెను. వీధిలో ఇంతవరకు పిలువని ఒక కుటుంబమును ఈ యేడు పిలువవలెను.

అన్నిటికంటె మేలైన పని మరియొకటి కలదు. ప్రతి పాఠశాల ఆవరణమునందును ఒక ఉసిరిమొక్కను నాటవచ్చును. విత్తనమునుండి మొలచిన ఉసిరి కాపునకు వచ్చుటకు ఎక్కువ యేండ్లు పట్టును. అంటుమొక్క అంతకంటె త్వరగా కాచును. నేడు ఎనిమిదవ తరగతి చదువు బాలిక నాటిన మొక్క, ఆమె పెద్దదై తన పిల్లలను వెంటబెట్టుకొని వచ్చునాటికి పంక్తి తీర్చుటకు తగిన నీడ నిచ్చును. ఆ నీడలో కూర్చుండువారిలో నాటిన చేతిని ఎరిగినవారు ఒక్కరును ఉండకపోవచ్చును. ఆకాశదీపము క్రింద నడచిన బాటసారియు నూనె పోసినవారిని ఎరుగడు.

ప్రశ్నలు

1. కార్తిక మాసమునకు ఆ పేరు ఎట్లు వచ్చినది?
2. ఆకాశదీపపు పాత్రకు చిల్లు లెందుకు పెట్టుదురు? ఆ దీపమును ‘అందరి దీపము’ అనుట తగునా?
3. పోలి కథవలన తెలియు నీతి యేమి?
4. అరటిదొప్ప నీటిపై ఎందుకు తేలును? థర్మోకోలు పళ్లెమునకును దానికిని గల భేదమును తెలుపుము.
5. మీ పాఠశాల తరపున వనభోజనము జరుపవలసివచ్చినచో, ఏ యే పనులను ఎవరెవరికి అప్పగింతువో, ఎవరెవరిని పిలుతువో వ్రాయుము.